శకుని గుర్తున్నాడు, ధూళిపాళ ఏడీ?

కథ ముందే తెలిసిన చోటే నటుడి పస బయటపడుతుంది. అమెరికా టీవీలో 1955 నుంచి 1975 దాకా నడిచిన ‘గన్‌స్మోక్’ లాంటి కౌబాయ్ సీరియళ్లలో చివరికి ఎవరు గెలుస్తారో అందరికీ తెలుసు. ఆ వారం ఎదురుపడే దుండగుడెలాంటివాడన్నదే ఆసక్తి. జాక్ ఈలమ్ లాంటి నటులు ఆ బరువు మోశారు. మన పౌరాణికాలదీ అదే తీరు. జూదంలో ఎవరు ఓడతారో తెలియని ప్రేక్షకుడు లేడు. అయినా పాచిక పడేటప్పుడు ఊపిరి బిగబట్టామంటే ఆ ఘనత శకునిది. ఆ పాత్రకు ప్రాణం పోసిన ధూళిపాళ సీతారామశాస్త్రి 1922లో మన పల్నాటి నడికుడి పక్కనే ఉన్న దాచేపల్లిలో పుట్టారు. ఆయనకు రావలసినంత పేరు రాలేదు.

‘భీష్మ’ (1962), ‘నర్తనశాల’ (1963) చిత్రాల్లో ఆయన దుర్యోధనుడు. 1966లో ఎన్టీఆర్ స్వీయ దర్శకత్వంలో ‘శ్రీకృష్ణపాండవీయం’ తీస్తూ కృష్ణుడితోపాటు దుర్యోధన పాత్ర కూడా తానే వేసుకుని, ధూళిపాళకు శకునినిచ్చారు. ఆ శకుని తనవాళ్లను చెరలో మాడ్చి చంపినవాడి పక్కనే చేరి, మేనమామగా ముద్దుచేస్తూ వాడి వంశనాశనానికి పాచికలు కదుపుతాడు. దుర్యోధనుడికి ప్రేమే కనపడాలి, మనకు పగా కనపడాలి. ఒకే చూపులో, ఒకే మాటలో ఆ రెండూ పలికించడం మామూలు విద్య కాదు. కోడిపందెంతో రాజ్యాలు తలకిందులైన కథ వింటూ పెరిగే పల్నాటివాళ్లకు పందెం వెనక పగ ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

రంగస్థలం నుంచి వచ్చినవారు కాబట్టి ఆ వాచకం సహజమేననీ, గొప్పతనమంతా పాత్రదేననీ కొందరంటారు. పాత్రదే గొప్పయితే ఎవరు వేసినా ఒకేలా ఉండాలి. ‘మాయాబజార్’ (1957)లో సి.ఎస్.ఆర్. శకుని నవ్వు పుట్టిస్తాడు. ధూళిపాళ శకునిలో కడుపుకోత ఉంది. ‘దానవీరశూరకర్ణ’ (1977)లో మూడు పాత్రలు తానే ధరించిన ఎన్టీఆర్, శకునికి మళ్లీ ధూళిపాళనే పిలిచారు. తన ఎదుట ఎవరు నిలవగలరో ఆయనకు తెలుసు.

పల్నాటి నాటక పరిషత్తులకు నా విన్నపం ఒకటే: సహాయ పాత్రకిచ్చే బహుమతిని ధూళిపాళ పేరిట ఇవ్వండి.