చెవి హోరుకు ఆరోగ్యశ్రీలో చోటేది?

పటాన్‌చెరు పారిశ్రామికవాడ నక్కవాగు నీళ్లను ఏం చేసిందో మన రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1990లో ఆ గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నీళ్లు పాడైతే రంగు కనబడుతుంది, వాసన కొడుతుంది. చప్పుడు చేసే నష్టం కంటికి కనబడదు. అందుకే దానికి లెక్కా లేదు, పైసా లేదు.

కర్దనూరులో మేము ట్రాక్టర్లు, వరికోత మిషన్ల మీద బతికేవాళ్లం. క్యాబిన్ లేని ట్రాక్టర్ మీద చప్పుడు 90 డెసిబెల్స్ దాటడం మామూలే. మా పిల్లలు ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేస్తారు. రాత్రి పడుకుందామంటే రింగ్‌రోడ్డు లారీల మోత. ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. కొలిచే మీటరు పట్టుకుని మా వాడకు వచ్చిందెవరు?

ఏళ్ల తరబడి చప్పుడులో బతికితే కొందరికి చెవుడొస్తుంది. కొందరికి చెవిలో ఎడతెగని హోరు. ఇంకొందరికి గిన్నె కిందపడ్డా, పసివాడు ఏడ్చినా తల పగిలినట్టుంటుంది. ఊళ్లో దీన్ని చాదస్తమంటారు, గాలి సోకిందంటారు. డాక్టర్లు హైపరాక్యూసిస్ అంటారు. దీనికి మామూలుగా ఆపరేషన్ అక్కరలేదు. వినికిడి పరీక్ష, మామూలు చప్పుళ్లకు చెవిని మెల్లగా అలవాటు చేసే శిక్షణ, కౌన్సెలింగ్, ఇదే వైద్యం. భయపడి ఎప్పుడూ చెవుల్లో దూది పెట్టుకుంటే బాధ ఇంకా పెరుగుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెంచారు. సంతోషమే. చెవిటి పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్లు చేయించిన పథకాన్ని మనం తక్కువ చేయం. కానీ అది ముఖ్యంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే వైద్యానికే. కత్తి పడితేనే పైసా కదులుతుంది. నెలల తరబడి వచ్చిపోయే వైద్యానికి రైతు జేబే దిక్కు. చప్పుడుతో వచ్చే వినికిడి లోపాన్ని ఈఎస్ఐ చట్టం వృత్తివ్యాధుల్లో చేర్చింది. అదే చప్పుడు మోసే రైతుకు, కూలీకి ఆ పాటి రక్షణ కూడా లేదు.

గుండెకే నిధులు చాలవు, చెవికెక్కడివి అంటారు. మనం కోట్ల మిషన్లు అడగడం లేదు. ఒక గది, ఒక ఆడియాలజిస్టు జీతం. కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలని 1996లో రాజస్థాన్ బిచ్ఛ్రి గ్రామ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. లాభం ఫ్యాక్టరీది, హోరు మనదా?

మన డిమాండ్లు:

1. చెవి హోరు, శబ్దం భరించలేని జబ్బుల అవుట్‌పేషెంట్ వైద్యాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చాలి.

2. పటాన్‌చెరు ఏరియా ఆస్పత్రిలో సౌండ్‌ప్రూఫ్ గది, పూర్తికాల ఆడియాలజిస్టు ఉండాలి.

3. పారిశ్రామికవాడ గ్రామాల్లో రాత్రిపూట శబ్దం కొలిచి, ఆ అంకెలు పంచాయతీ బోర్డు మీద రాయాలి. వైద్యం ఖర్చు పరిశ్రమల నుంచి రాబట్టాలి.

వచ్చే గ్రామసభలో ప్రతి యూనిట్ ఈ తీర్మానం పెట్టించాలి. చెవి బాధ ఉన్నవాళ్లు సిగ్గుపడకుండా పేరు రాయించాలి. లెక్క లేని రోగానికి ఏ ప్రభుత్వమూ నిధులివ్వదు. ఆ లెక్క మనమే మొదలుపెడదాం.