షాబాన్ అడిగే లెక్కలు

మాఘమాసపు చలి ఇంకా పూర్తిగా విడువలేదు. తిరుమలగిరి చుట్టుపక్కల కంది కోతలు ముగింపుకు వచ్చినవి. పత్తి చేలలో చివరి తీత సాగుతున్నది. బోర్ల కింద, శ్రీరాంసాగర్ రెండో దశ కాలువల కింద యాసంగి నాట్లు పచ్చబడుతున్నవి. వానాకాలపు పంట సొమ్ము కొంత చేతికి వచ్చి, కొంత అప్పులకు పోయి, రైతు కుటుంబం లెక్కలు చూసుకునే సమయమిది. ఈ యేడు, అంటే 2026లో, ఇదే సమయానికి షాబాన్ మాసం కూడా మన ముంగిట నిలిచింది. నెలవంక దర్శనాన్ని బట్టి ఫిబ్రవరి మూడో వారంలో అది మనలను రంజాన్‌కు అప్పగించి వెళ్లిపోతుంది.

మన పండుగలకు ఒక ప్రత్యేకత ఉన్నది. అవి ఒకే ఋతువుకు కట్టుబడి ఉండవు. చాంద్రమాన సంవత్సరం 354 రోజులది గనుక ప్రతి మాసమూ ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. సుమారు ముప్పయి మూడేళ్లలో అన్ని ఋతువులనూ చుట్టివస్తుంది. 1993లోనూ రంజాన్ ఫిబ్రవరి చివరి వారంలోనే వచ్చింది. 2018లో అదే రంజాన్ మే నెల ఎండల్లో మనలను పరీక్షించింది. 2030లోనైతే జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబరు చివర్లో మరొకసారి, ఒకే సంవత్సరంలో రెండుమార్లు రానున్నది. ఎండకూ చలికీ, పంట ఉన్ననాటికీ లేనినాటికీ విధేయత ఒక్కటేనని ఈ ఏర్పాటు మనకు నేర్పుతున్నది. చలికాలపు చివర వచ్చిన ఈ షాబాన్ మన కుటుంబాలను మూడు లెక్కలు అడుగుతున్నదని మేము భావిస్తున్నాము.

మొదటిది ఉపవాసాల లెక్క. దైవప్రవక్త (స) రంజాన్ తరువాత అత్యధికంగా ఉపవాసాలు పాటించిన మాసం షాబాన్. గత రంజాన్‌లో తప్పిపోయిన రోజాలను హజ్రత్ ఆయిషా (రజి) షాబాన్‌లో పూర్తిచేసుకునేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నవి. ఋతుకాలం, ప్రసవం, చంటిబిడ్డకు పాలివ్వడం వంటి కారణాలతో మన ఇండ్లలోని స్త్రీలకు కజా రోజాలు మిగిలిపోవడం సహజం. అవి వాయిదా పడుతూ పోవడానికి బద్ధకం కారణం కాదు. ఇంటిల్లిపాదీ తింటున్న రోజున ఒక్కరే రోజా ఉండి, అందరికీ వండి వడ్డించడం కష్టం. ఫిబ్రవరి మొదట్లో మన ప్రాంతంలో రోజా పదమూడు గంటల లోపే ముగుస్తుంది. మే చివర్లో అది పద్నాలుగు గంటలు దాటుతుంది, పైగా దప్పిక. కనుక ఈ చల్లని దినాలు ఒక వరం. భర్తలు, కొడుకులు ఆ పూట వంట బాధ్యత తీసుకుంటే, సహరీకి తామూ లేచి రెండు రొట్టెలు కాల్చి ఇస్తే, ఆ ఇల్లాలి లెక్క సులువుగా తీరుతుంది. ఆ పుణ్యంలో వారికీ భాగం దక్కుతుంది.

రెండవది పంట లెక్క. జకాత్ అనగానే మనకు బంగారం, బ్యాంకు సొమ్ము గుర్తుకు వస్తవి. పండిన పంటలోనూ పేదల హక్కు ఉన్నదని, దానిని కోతనాడే చెల్లించాలని దివ్య ఖుర్‌ఆన్ అల్ అన్‌ఆమ్ సూరా 141వ ఆయత్‌లో ఆదేశిస్తున్నది. దీనినే ఉష్ర్ అంటారు. వర్షంతో పండిన పంటలో పదో వంతు, ఖర్చుపెట్టి నీరు పారించిన పంటలో ఇరవయ్యో వంతు ఇవ్వాలి. వాన మీద పండిన కంది పది క్వింటాళ్లయితే ఒక క్వింటాలు, బోరు కింద పండిన వడ్లు నలభై బస్తాలయితే రెండు బస్తాలు. ఐదు వసఖ్‌లు, అనగా దాదాపు ఆరున్నర క్వింటాళ్లు దాటితేనే ఇది వర్తిస్తుందని అధిక సంఖ్యాక ధర్మవేత్తల అభిప్రాయం. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దృష్టిలో అటువంటి కనీస పరిమితి లేదు. మన దేశపు భూముల విషయంలోనూ, కౌలు పంట విషయంలోనూ ఉలమాల మధ్య చర్చ ఉన్నది గనుక మీ ప్రాంతపు ఆలిమ్‌ను అడిగి నిర్ణయించుకోండి. అడగకుండా దాటవేయడం మాత్రం సరికాదు. కందులు అమ్మి మార్కెట్ యార్డు నుండి తిరిగి వస్తున్న రైతు చేతి సొమ్ములో తనదికాని భాగం ఒకటి ఉండవచ్చు. అది పొరుగునే ఉన్న వితంతువు ఇంటికి రంజాన్‌కు ముందే చేరితే, ఆమె సహరీకి, ఇఫ్తార్‌కు వెతుక్కోవలసిన అగత్యం ఉండదు.

మూడవది మనసుల లెక్క, అన్నింటికన్నా కఠినమైనది. షాబాన్ నడిమి రాత్రి అల్లాహ్ తన దాసులను క్షమిస్తాడని, అయితే బహుదైవారాధకునికీ, మనసులో పగ నింపుకున్నవానికీ ఆ క్షమాపణ దక్కదని హదీసు ఉల్లేఖనం ఉన్నది. షబే బరాత్ ప్రత్యేక ఆరాధనల గురించి పండితులలో భిన్నాభిప్రాయాలున్నా, పగ విడవాలన్న విషయంలో ఎవరికీ భేదం లేదు. మన పల్లెల్లో అన్నదమ్ముల మధ్య మాటలు తెగిపోవడానికి ఎక్కువ భాగం గట్టు తగాదాలే కారణం. ఆడబిడ్డకు రావలసిన వారసత్వ వాటా "పెండ్లికి ఖర్చుపెట్టాం గదా" అన్న ఒక్క మాటతో అన్నల పట్టా పుస్తకాల్లో కలిసిపోతున్నది. అన్నిసా సూరా ఆమె వాటాను స్పష్టంగా నిర్ణయించింది. పెండ్లి ఖర్చు దానికి బదులు కానేరదు. చెల్లెలి హక్కును దగ్గర పెట్టుకొని రాత్రంతా నఫిల్ నమాజులు చేసే అన్న దేనికి క్షమాపణ కోరుతున్నాడు?

ఆ రాత్రి మనం చేస్తున్నదేమిటో కూడా ఆలోచించాలి. స్త్రీలు పగలంతా రకరకాల హల్వాల తయారీలో అలసి, ఆరాధన వేళకు నిద్రలోకి జారుకుంటారు. పిల్లలు టపాకాయలు కాలుస్తారు. యువకులు బైకులపై పరుగులు తీస్తారు. హైదరాబాద్‌లో ఆ రాత్రి పోలీసులు ఫ్లైఓవర్లను మూసివేయవలసి రావడం మనకు గౌరవప్రదమా? సమాధుల సందర్శన మరణాన్ని గుర్తు చేసుకోవడానికే. నిశ్శబ్దంగా వెళ్లి, చనిపోయినవారి కోసం దుఆ చేసి, ఇంటికి రావడం చాలు.

ఇదే ఋతువులో మన పొరుగువారికీ పండుగలున్నవి. సూర్యాపేట దగ్గరి దురాజ్‌పల్లి పెద్దగట్టుపై లింగమంతుల జాతర రెండేండ్లకోసారి జరుగుతుంది. 2025లో షబే బరాత్ గడిచిన రెండు మూడు రోజులకే, ఫిబ్రవరి 16న ఆ జాతర మొదలైంది. మన విశ్వాసం మనది, వారి విశ్వాసం వారిది. వారి ఆరాధనలో పాలుపంచుకోకుండానే పొరుగు హక్కు నెరవేర్చవచ్చు. జాతరకు వెళ్లినవారి ఇంటిపై ఒక కన్నేసి ఉంచడం, వారి పశువులకు రెండు పూటలు నీళ్లు పెట్టడం, దారిన పోయేవారికి మంచినీరు అందించడం ఇస్లాం నేర్పిన మర్యాదలే. రేపు మన ఇఫ్తార్ వేళ వారూ మనలను అదే మర్యాదతో చూస్తారు.

రంజాన్ నెలవంక కనబడేలోగా ఒక సాయంత్రం కుటుంబమంతా కలిసి కూర్చోండి. మిగిలిన రోజాలెన్ని, ఇవ్వవలసిన ధాన్యమెంత, మాట్లాడవలసిన బంధువులెవరు అని కాగితంపై రాసుకోండి. పిల్లలను కూడా ఆ పక్కనే కూర్చోబెట్టుకోండి. ధర్మం నిత్యజీవితంలో ఎలా ఉంటుందో వారు చూసి నేర్చుకుంటారు.

మన బాకీలు తీర్చుకొని, తేలికైన మనసులతో రంజాన్‌లో అడుగుపెట్టే సౌభాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.