తవ్వేవాళ్ళకు జీతమెవరిస్తారు?

ఒక మిత్రుడు ఈ మధ్య నన్ను నిలదీశాడు: "మా అమ్మాయి పురావస్తుశాస్త్రం చదువుతానంటోంది. నేలను తవ్వేవాళ్ళకు జీతమెవరిస్తారయ్యా?" ఇంగ్లీషు సాహిత్యం చదివి అనువాదాలతో బతుకుతున్నవాణ్ణి నేను. అటువంటి ప్రశ్న ఒకప్పుడు మా నాన్నగారి నోట విన్నదే గనుక తేలికగా తీసివేయలేకపోయాను.

ఆయనకు నాగార్జునకొండ సంగతి చెప్పాను. కృష్ణపై ఆనకట్ట తలపెట్టినప్పుడు ఇక్ష్వాకుల విజయపురి నీట మునుగుతుందని తేలింది. 1954లో ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యాన మొదలైన తవ్వకాలు 1960 దాకా సాగాయి. ఆ లోయలో శతాధిక స్థలాలను తవ్వి, కొలిచి, పటాలు గీశారు. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని విప్పి తెచ్చి కొండమీద తిరిగి నిలబెట్టారు. ఆనాడు రాసుకోనిదంతా నీటిపాలే. నీటి భయం లేనిచోట కూడా ఈ వృత్తిధర్మం ఇదే. ఒకసారి తవ్విన పొరను మళ్ళీ తవ్వలేము. అందుకే పార పట్టడం కన్నా నోటుపుస్తకం నింపడం పెద్ద పని. ఏ పొరలో దొరికిందో రాయకపోతే కుండపెంకు ఉత్త పెంకే.

మానవశాస్త్రానిది బతికున్న మనుషులతో వ్యవహారం. హైమెన్‌డార్ఫ్ నల్లమల చెంచుల నడుమ మసలి 1943లో వారిపై గ్రంథం వెలువరించాడు. ఆదిలాబాదు గోండుల వద్ద ఆయన పరిశీలనతో ఆగలేదు. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకు పూనుకున్నాడు. 1987లో మరణించిన ఆయన భార్య సమాధి ఆ ఊళ్ళోనే ఉంది.

ఇక జీతం మాట. 1861లో పుట్టిన భారత పురావస్తు సర్వేక్షణ శాఖ, 1945లో ఏర్పడిన మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ, రాష్ట్ర శాఖలు, మ్యూజియంలు, విశ్వవిద్యాలయాలు, గిరిజన పరిశోధన సంస్థలు: యజమానులు వీరే. ఖాళీలు తక్కువ, నిరీక్షణ ఎక్కువ, దాచడమెందుకు? పురావస్తుశాస్త్రానికి పూనాలోని డెక్కన్ కాలేజీ, మానవశాస్త్రానికి ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం పేరున్నవి. సంస్కృతమో ప్రాకృతమో వచ్చి, బ్రాహ్మీలిపి చదవగలిగితే శాసన పరిశోధన వైపూ దారి ఉంది. భాషలు చదివినవాళ్ళు ఈ సంగతి ఆలస్యంగా తెలుసుకుంటారు. నేనూ అంతే.

"ఎండలో పనేనా?" అన్నాడు మిత్రుడు.

తవ్వకాలు చాలావరకు చలికాలంలోనే సాగుతాయనీ, మిగిలిన నెలలు బల్లముందు పెంకులు లెక్కించడంతో సరిపోతుందనీ చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు, పూనాకు దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో కనుక్కోమన్నాడు.