గడప దాటగానే తెలుగు ఎందుకు ఆగిపోతున్నది?



మన తెలుగు తరగతులలో ఏళ్ళ తరబడి నడుస్తున్న ఒక అబద్ధాన్ని గురించి నేడు మాట్లాడుకుందాము. దాని పేరు "నేను చేసిన విహారయాత్ర". ఈ వ్యాసం రాయకుండా పదో తరగతి దాటిన తెలుగు విద్యార్థి అరుదు. హోసూరు ప్రాంతంలో పుట్టి పెరిగి, విశాఖపట్నం రైలు ఒక్కసారైనా ఎక్కని పిల్లవాడు "మేము అరకులోయకు వెళ్ళితిమి, ప్రకృతి శోభను చూచి పరవశించితిమి" అని రాస్తాడు. మనము పదికి ఎనిమిది మార్కులు వేస్తాము. అదే పిల్లవాడు కిందటి ఆదివారమే తల్లిదండ్రులతో కెలవరపల్లి జలాశయానికి వెళ్ళి వచ్చాడు. అక్కడ ఏమి చూశావురా అని అడిగితే, "డ్యామ్, వాటర్, బర్డ్స్" అని మూడు ముక్కలు చెప్పి ఊరుకున్నాడు. చూడని లోయను వర్ణించడానికి తెలుగు ఉన్నది. కళ్ళారా చూసిన ఏటిని గురించి చెప్పడానికి తెలుగు లేదు!

ఈ తప్పు పిల్లవానిది కాదు. మనది.

"ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నాము కదా, ఇంకేమి కావాలి?" అని చాలామంది తల్లిదండ్రులు అడుగుతారు. ఇంట్లో మాట్లాడే తెలుగు ఎంతో ఒక్కరోజు ఓపికగా లెక్కపెట్టి చూడండి. తిను, తాగు, స్నానం చెయ్యి, పుస్తకం తియ్యి, అల్లరి ఆపు, పడుకో. నాలుగేళ్ళ బిడ్డకు చెప్పిన మాటలే పద్నాలుగేళ్ళ బిడ్డకూ చెప్తున్నాము. బిడ్డ ఎదిగింది; వాడి తెలుగు మాత్రం వంటింటికీ పడకగదికీ మధ్యనే ఉండిపోయింది. నాలుగు గోడల మధ్య వాగు ఉండదు, వంక ఉండదు. గిజిగాని గూడు ఉండదు. తొలకరికి మట్టిలోంచి పైకి వచ్చే ఆరుద్ర పురుగు ఉండదు. లేనివాటి పేర్లు బిడ్డకు ఎట్లా వస్తాయి?

అందుచేతనే చెప్తున్నాను: కుటుంబమంతా కలిసి బయటికి వెళ్ళే ఆ పూట, భాషకు సంబంధించినంతవరకు, తీరిక వేళ కాదు. అదే అసలైన పాఠం. ఆ పాఠాన్ని మనమే చేజేతులా పోగొట్టుకుంటున్నాము. ఇంట్లో తెలుగు మాట్లాడిన తల్లే బస్సు ఎక్కగానే "సీ ద కౌ" అంటుంది. తండ్రి "రన్ చెయ్యొద్దు, ఫోటోకి స్మైల్ ఇవ్వు" అంటాడు. పక్కవారు ఏమనుకుంటారో అన్న బెరుకు కొంత, అలవాటు కొంత. బిడ్డకు మాత్రం ఒక సంగతి స్పష్టంగా తెలిసిపోతుంది: తెలుగు ఇంట్లో విప్పి పెట్టవలసిన పాత చొక్కా, బయటికి వేసుకొని పోయేది కాదు అని. ఈ పాఠాన్ని ఏ వాచకమూ తిరిగి సరిదిద్దలేదు.

తమిళనాడులో 2006 నాటి చట్టంతో ఒకటో తరగతి నుంచి దశలవారీగా తమిళం తప్పనిసరి అయింది. ఆనాటి నుంచి మన సభలన్నింటిలో ఆ మాటే. ఆ బాధ నిజమైనదే, దాని కోసం చేసే విన్నపాలు సాగవలసినవే. కాని ఒక్కమాట అడుగుతాను, కోపగించుకోకండి. ఆదివారం నాడు బిడ్డ చెయ్యి పట్టుకొని ఏటి ఒడ్డున నడుస్తూ తెలుగు మాట్లాడవద్దని ఏ చట్టం చెప్పింది?

అదే కెలవరపల్లి ఒడ్డున ఏమేమి చెప్పవచ్చునో చూడండి. అక్కడ పారేది దక్షిణ పినాకిని. కన్నడ సీమలోని నంది కొండల ప్రాంతంలో పుట్టి, మన హోసూరు, కృష్ణగిరి మీదుగా ప్రవహించి, కడలూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ కొండల ప్రాంతంలోనే పుట్టిన మరొక ఏరు ఉత్తర పినాకిని, అంటే పెన్న. అది అనంతపురం, కడప సీమల మీదుగా పోయి, 13వ శతాబ్దంలో తిక్కన నివసించిన నెల్లూరును దాటి సముద్రంలో కలుస్తుంది. ఒకచోట పుట్టిన అక్కచెల్లెళ్ళలో ఒకరు తెలుగునాటికి, ఒకరు తమిళనాటికి వచ్చారు. మన కథ కూడా ఇదే కదా! ఎనిమిదేళ్ళ బిడ్డకు ఇంతకంటె సులభంగా మన ఉనికిని ఎవరు చెప్పగలరు? కొన్నాళ్ళు ఆ నీటి మీద తెల్లని నురుగు కుప్పలు తేలుతూ ఉంటాయి. అదేమిటని బిడ్డ అడుగుతుంది. ఎగువన నగరం వదిలే మురుగునీటి సంగతి చెప్పండి. నురుగు, మురుగు, ఎగువ, దిగువ. నాలుగు మాటలు, ఒక నిజం. ఆ నీటిలో ఎందుకు దిగకూడదో కూడా అప్పుడే తెలుస్తుంది.

హొగెనకల్ జలపాతానికి పోనివారు మనలో తక్కువ. కావేరిలో తిరిగే ఆ గుండ్రని పడవను మన పిల్లలు 'పరిసల్' అంటారు. తెలుగులో దానికి 'పుట్టి' అన్న చక్కని పేరున్నదని ఎందరు తల్లిదండ్రులు చెప్పారు? ఊరి పేరులోని 'హొగె' అంటే కన్నడంలో పొగ. మన పాలు వారికి హాలు, మన పులి వారికి హులి, మన పొగ వారికి హొగె. ఈ మర్మం తెలిసిన బిడ్డ కన్నడాన్ని చూసి బెదరదు, తెలుగును చూసి సిగ్గుపడదు. పక్కభాషలు పగభాషలు కావని వాడికి వేరే నీతిపాఠం అక్కరలేదు.

ఇక అభ్యంతరాలు. "అంత తీరిక, డబ్బు ఎక్కడివి?" అంటారు. అంగడి మాళిగలలో ఆటయంత్రాలకు పోసే డబ్బులో పదోవంతు చాలు. పొద్దున్నే చంద్రచూడేశ్వరుని కొండ ఎక్కి దిగడానికి ఖర్చేమున్నది? కృష్ణగిరి చుట్టుపక్కల మామిడితోట గట్టున నిలబడితే పిందె, కాయ, దోరకాయ, పండు అన్న నాలుగు దశలూ కంటి ఎదుటనే ఉంటాయి. ఇంగ్లీషులో అన్నింటికీ 'మ్యాంగో' అనేసి సరిపెట్టుకుంటున్నాము.

"బయట ప్రమాదం కదా?" అంటారు. నిజమే, జాగ్రత్త కావలసిందే. రాగిపంట చేతికొచ్చే శీతకాలంలో దెంకణికోట అడవుల అంచులకు ఏనుగుల మందలు వస్తాయి. అప్పుడు అటువైపు చీకటివేళ పిల్లలతో పోరాదు. పసిపిల్లలను ఎండ ముదరకముందే తీసుకుపోయి తీసుకురావాలి. నీటి సీసా, తలకు గుడ్డ మరువరాదు. బిడ్డ ఎక్కడ ఆగితే మనమూ అక్కడ ఆగాలి. కొండ శిఖరం చూడడం కంటె చీమల బారు చూడడమే వాడికి ముఖ్యం కావచ్చు. జాగ్రత్తలు చెప్పేదీ తెలుగులోనే అయితే అవీ పాఠాలే: జారుడు బండ, లోతు మడుగు, ముళ్ళకంప, తేలు.

"ఆ పేర్లు మాకే తెలియవు" అంటారు. ఇది నిజాయితీగల మాట. అందుకే అవ్వనో తాతనో వెంట తీసుకుపొండి. ఇంటిలో మూలన కూర్చున్న అవ్వ, తంగేడు పొద దగ్గరికి రాగానే పంతులమ్మ అవుతుంది. ఆమె దాటిపోయిన తరువాత ఆ పేర్లను ఏ నిఘంటువులో వెదికినా, పొదను చూపించేవారు ఉండరు.

ఉపాధ్యాయులకు నా విన్నపం. ఆ అరకులోయ వ్యాసాన్ని ఇకనైనా పక్కన పెట్టండి. పిల్లవాడు నిజంగా వెళ్ళిన చోటును గురించి ఐదు వాక్యాలు రాయమనండి. తప్పులుంటాయి, మాండలికం ఉంటుంది. 'వెళ్ళితిమి' బదులు మన హోసూరు పలుకే రావచ్చు. రానివ్వండి. సొంతంగా రాసిన ఐదు తప్పుల వాక్యాలు, బట్టీపట్టిన ఐదు పుటల కంటె మేలు.

తల్లిదండ్రులకు ఒక్కటే విన్నపం. నెలకు ఒక పూట చాలు. గడప దాటిన క్షణం నుంచి తిరిగి గడప తొక్కేవరకు మీరు తెలుగే మాట్లాడండి. బిడ్డను పరీక్షించకండి, "దీన్ని తెలుగులో ఏమంటారు?" అని నిలదీస్తే ఆ పూట కూడా బడి అయిపోతుంది. బిడ్డ ఏ భాషలో అడిగినా మీరు తెలుగులో జవాబివ్వండి. రాత్రి ఆ ముచ్చట్లను అవ్వకో అత్తకో వాడినే చెప్పనివ్వండి.

మన పెద్దలు కొన్ని తరాలుగా ఈ నేలమీద తెలుగుతోనే చేను దున్నారు, మేకలు కాశారు, చెరువులు తవ్వారు. ఆ చేలు, చెరువులు కొన్నైనా ఇంకా ఉన్నాయి. వాటి పేర్లు పలికే నోళ్ళే తగ్గుతున్నాయి. వచ్చే ఆదివారం మీ బిడ్డను ఎక్కడికి తీసుకుపోతున్నారు? ఏ భాషలో?