బీటెక్ తర్వాత కణాల వెంట

అనంతపురంలో బీటెక్ అయిపోతే బెంగళూరు బస్సెక్కడం ఒక్కటే దారి అనుకుంటాం. హైదరాబాద్‌లో ఇంకోటి ఉంది.

గాయమైతే చర్మ కణాలు గుంపుగా ఖాళీ వైపే కదులుతాయి. ఎటు వెళ్లాలో వాటికెలా తెలుస్తుంది? ముందు కణం లాగగానే, వెనక కణం అంచున ఉన్న మెర్లిన్ అనే ప్రొటీన్ తప్పుకుని కదలికకు వీలిస్తుందని 2015లో జర్మనీలో తమల్ దాస్, సహచరులు తేల్చారు. ఆయన ల్యాబ్ ఇప్పుడు హైదరాబాద్ టీఐఎఫ్‌ఆర్‌లో ఉంది. క్యాన్సర్ వ్యాపించేదీ కణాల కదలికతోనే.

లాగుడు బలాన్ని కొలవాలి, మైక్రోస్కోప్ వీడియోల విశ్లేషణకు కోడ్ రాయాలి. ఇది మెకానికల్, సీఎస్‌ఈ వాళ్ల పనే కదా! అక్కడి బయాలజీ పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష జేజీఈఈబీఐఎల్‌ఎస్‌ను బీటెక్ వాళ్లూ రాయొచ్చు.

సీట్లు తక్కువే, ఐదారేళ్లు పడుతుంది. అయితే కేంద్రం ఇచ్చే జేఆర్‌ఎఫ్ 2023 నుంచి నెలకు 37 వేలు. మీ ఫ్రెషర్ ఆఫర్‌తో పోల్చి చూసుకోండి.