చేపకు తగిన మొక్క

రెండు సంవత్సరాల క్రితం ఏర్గట్లలోని మా ఇంటి వరండాలో ఒక గాజుతొట్టె వెలసినది. పిల్లవాని ముచ్చట తీర్చవలెనని రెండు ఆస్కార్ చేపలను తెచ్చి, సన్నని ఆకుల నీటిమొక్కలను ఇసుకలో నా చేతులతోనే నాటినాను. తెల్లవారి చూతుము గదా, మొక్కలన్నియు వేళ్లతో సహా నీటిపై తేలుచున్నవి! "ఈ చేపలు చెడ్డవి, నాన్నా" అన్నాడు పిల్లవాడు. ఆ మాట నన్ను చాలా దినాలు వెంటాడినది. తప్పు చేపలది కాదు. వాటి స్వభావం తెలిసికొనక మొక్కను ఎంచిన నాది.

ఆస్కార్ దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతపు చేప. సిక్లిడ్ కుటుంబానికి చెందినది. మన నీళ్లలో కనిపించే తిలాపియాయు ఈ కుటుంబానిదే. ఈ జాతులలో పెక్కింటికి అడుగును తవ్వి గుంట చేయుట, పిల్లలను కాచుకొనుట సహజగుణాలు. గూడు కట్టుకొనే పిచ్చుకను మెచ్చుకొనే మనం, గుంట తవ్వే చేపను దుష్టమనుట న్యాయమేనా?

ప్లాస్టిక్ ఆకులు పెట్టినచో పీడ వదలును గదా అనేవారున్నారు. శ్రమ తగ్గునన్నది నిజమే. కాని పాఠశాలలో తొట్టె అలంకారం కొరకా, పాఠం కొరకా? లండన్ రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్ బంగారు చేపలను వాలిస్నేరియా అనే నీటిమొక్కతో కలిపి ఉంచి, తన పరిశీలనలను 1850లో ప్రకటించినాడు. కుళ్లిన ఆకులతో నీరు చెడగా, నత్తలను వదలి ఆ దోషాన్ని సరిదిద్దినాడు. చేప విడిచినది మొక్కకు ఆహారం. మొక్క విడిచిన ప్రాణవాయువు చేపకు ఊపిరి. ఈ పాఠాన్ని ప్లాస్టిక్ ఆకు చెప్పజాలదు.

మరి ఏ మొక్కలు తగును? మన ప్రాంతపు విద్యార్థికి పసుపు కొమ్ము తెలియనిది కాదు. ఆఫ్రికా ఖండపు అనూబియాస్‌కు, జావా ఫెర్న్‌కు అటువంటి కొమ్మే ఉన్నది. అయితే పసుపు కొమ్మును మట్టిలో పూడ్చుతాము. వీటి కొమ్మును పూడ్చినచో కుళ్లిపోవును. రాతికో, దుంగకో దారంతో కట్టవలెను. కొన్ని వారాలలో వేళ్లు తామే పట్టుకొనును. చేప ఇసుకను ఎంత తవ్వినా మొక్క కదలదు. ఆకులు దళసరివి గనుక చేపలు సాధారణంగా వాటి జోలికి పోవు. తక్కువ వెలుతురే చాలును. వాలిస్నేరియాయే కావలెనన్నచో చిన్న మట్టికుండీలో నాటి, మొదట గులకరాళ్లు పేర్చవలెను. అంతరతామర నీటిపై తేలుచు, మలినాన్ని పీల్చి త్వరగా పెరుగును. కాని గుర్రపుడెక్క వలె ఇదియు చెరువును కప్పివేయగలదు. ఎక్కువైనదానిని ఎండబెట్టి ఎరువు చేయవలెనే గాని కాలువలో పారవేయరాదు. పెద్ద చేపల మలినమంతయు మొక్కలే తీర్చుననుకొనుట భ్రమ. వడపోత, వారం వారం కొంత నీరు మార్చుట తప్పవు.

ఆస్కార్ అడుగు పొడవుకు పెరుగును. మా చేపలకు తొట్టె చాలనప్పుడు, "శ్రీరాంసాగర్‌లో వదిలేయండి సారూ" అని ఒకరు సలహా ఇచ్చినారు. దయగా కనిపించే ఆ పని గోదావరికి అపకారం. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా, చెరువులకును నదులకును వ్యాపించి, స్థానిక చేపలతో మేతకు, చోటుకు పోటీపడుచున్నది. ఒకసారి వదలినదానిని తిరిగి ఏరుట ఎవరి తరమూ కాదు. నేను పెద్ద తొట్టెను కొన్నాను. అది నా అజ్ఞానానికి చెల్లించిన మూల్యం.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. తొట్టె కొనుటకు ముందే విద్యార్థుల చేత ఈ ప్రశ్నలు వేయించండి: ఈ చేప ఎంత పెరుగును? ఏమి తినును? ఎక్కడ తవ్వును? పెరిగినప్పుడు ఎక్కడ ఉంచెదము? సమాధానం దొరకనిచో చిన్న చేపలతో తృప్తిపడుట మేలు.

ఇప్పుడు మా పిల్లవాడు చేపలను చెడ్డవనుట మానినాడు. ఒక ఆకు పసుపుబారినచో, "మనమేం తప్పు చేశాం, నాన్నా?" అని అడుగుచున్నాడు.