రబ్బరు లెక్క వేరు

రియాద్‌లో పాత స్పోర్ట్స్ కారు అమ్మేవాళ్ళు ముందు మీటరు చూపిస్తారు. "పదేళ్ళ బండి, నలభై వేలే తిరిగింది" అంటారు. నిజమే కావచ్చు. కానీ బండి కింద ఉండే రబ్బరు బుష్‌లు కిలోమీటర్లని కాదు, వేసవుల్ని లెక్కపెట్టుకుంటాయి. 45 డిగ్రీల ఎండలో ఊరికే నిలబెట్టిన కారులోనూ రబ్బరు గట్టిపడి పగుళ్ళిస్తుంది.

ఉదాహరణకి మస్టాంగ్. 2015 మోడల్‌తో వెనక ఉన్న ఒకే గట్టి ఇరుసు పోయి, ఏ చక్రానికా చక్రం విడి సస్పెన్షన్ వచ్చింది. మలుపుల్లో పట్టు పెరిగింది, అరిగే కీళ్ళూ పెరిగాయి.

స్పీడ్ బ్రేకర్ మీద టక్‌మంటే చాలామంది షాక్ అబ్జార్బర్లు మార్చేస్తారు. డబ్బు పోతుంది, చప్పుడు పోదు. సనాయాలో, అంటే మెకానిక్ షెడ్లుండే పేటలో, చేయి తిరిగినవాడు ముందు టైరు లోపలి అంచు తడిమి చూస్తాడు. తర్వాత బండి పైకెత్తి, ఇనుప కడ్డీతో కంట్రోల్ ఆర్మ్‌ని కదుపుతాడు. రబ్బరు చీలి ఆర్మ్ ఊగిందా, దొంగ దొరికినట్టే.

కొత్త బుష్ వేశాక బిగింపులోనే ఉంది కిటుకు. చక్రాలు వేలాడుతుండగా బోల్టు బిగించేస్తే, బండి దించగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది. కొత్తదీ త్వరగా చీలుతుంది. బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు, ఆపైన వీల్ అలైన్‌మెంట్.

120 వేగంలో బ్రేకు నొక్కితే బండి పక్కకి లాగాకా తెలుసుకోవలసిన సంగతి కాదిది. రియాళ్ళు లెక్కపెట్టి ఇచ్చేముందే, బండి ఎత్తించి కింద చూడండి.